తరగతి గదిలో ట్యాబ్: పిల్లల తప్పు ఎవరి కంట పడుతుంది?

జూన్‌లో బడులు తెరిచాక వచ్చిన మొదటి శనివారం మా అబ్బాయి బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఇలాంటి బడులు వీధికి రెండున్నాయి కాబట్టి పేరు చెప్పనక్కర్లేదు. ఆరో తరగతి నుంచి ప్రతి విద్యార్థికీ ట్యాబ్ తప్పనిసరి అన్నారు. డబ్బు ఫీజుతో కలిపి మూడు వాయిదాల్లో కట్టవచ్చన్నారు. కంపెనీ తరఫున వచ్చిన కుర్రవాడు తెర మీద గుండె బొమ్మను వేలితో గిరగిరా తిప్పి చూపించాడు. కవాటాలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ముందు వరుసలోని తండ్రులు ఫోన్లు తీసి ఆ గుండెను వీడియో తీసుకున్నారు. వెనక నుంచి ఒక పెద్దావిడ, ఎవరి అమ్మమ్మో, “కళ్లు పాడవుతాయేమో నాయనా” అంది. పుస్తకాల సంచి బరువు తగ్గుతుందని ఒకరు, పిల్లలు ఆటలే ఆడతారని ఇంకొకరు. గంటసేపు వాదన సాగింది. ఎవరి మాటకూ ఎవరూ జవాబు చెప్పలేదు, ఎందుకంటే అందరూ మాట్లాడుతున్నది ఒకే వస్తువు గురించి కాదు.

ట్యాబ్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న తెగకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఒకే పరికరం మూడు వేర్వేరు ఉద్యోగాలు చేస్తోంది. ఒకచోట అది పాఠ్యపుస్తకం. ఇంకోచోట నల్లబల్ల, అంటే పాఠాన్ని వీడియోగా చూపే తెర. మరోచోట లెక్కల నోటుబుక్కు, అంటే పిల్లవాడు చేసి, తప్పి, దిద్దుకునే చోటు. ఈ మూడింటి ఫలితాలూ మూడు దారులు. అన్నిటినీ ఒకే తక్కెడలో పోసి తూస్తే ముల్లు ఎటూ మొగ్గదు. 2015లో ధనిక దేశాల కూటమి ఓఈసీడీ ఇచ్చిన నివేదిక ఇంచుమించు అలాంటి తూకమే. బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని అది తేల్చింది. పెరూ దేశంలో పిల్లలకు చవక ల్యాప్‌టాప్‌లు పంచాక 319 బడుల్లో పరిశీలించినప్పుడూ లెక్కల్లో, భాషలో తేడా కనబడలేదు. ఈ రెండింటినీ చూపించి “ఇదంతా దండగ” అనేవారున్నారు. అది తొందరపాటు.

ముందు పుస్తకం సంగతి. సంచి బరువు నిజమైన బాధ. ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి కిలోన్నర, పదో తరగతి వారిది 5 కిలోలు దాటరాదని 2018లో కేంద్రం చెప్పింది. పిల్లవాడి బరువులో పదోవంతు మించకూడదని 2020 నాటి విధానం. మా అబ్బాయిని ఇంట్లో బరువు యంత్రం మీద సంచితో ఒకసారి, సంచి దించి ఒకసారి నిలబెట్టాను. తేడా 6 కిలోలు వచ్చింది. వాడి బరువు 33. ట్యాబ్ అరకిలో చుట్టుపక్కల ఉంటుంది. ఈ లెక్కలో ట్యాబ్‌దే గెలుపు.

చదువు లెక్కలో కాదు. కాగితం మీద, తెర మీద చదివినప్పటి అవగాహనను పోల్చిన 54 అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూశారు. పాల్గొన్నవారు లక్షా డెబ్భై వేల మందికి పైనే. కాగితం మీద చదివినవారికే ఎక్కువ అర్థమైంది. కథల విషయంలో తేడా కనబడలేదు. సమాచారం నిండిన పాఠం అయితే, అదీ గడియారం తరుముతున్నప్పుడు, తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. సాంఘికశాస్త్రం పాఠం, పరీక్ష ముందు రోజు రాత్రి అన్నమాట. తెర మీద కన్ను జారుతూ పోతుంది, అర్థమైపోయిందన్న భ్రమ మిగులుతుంది. బడులను డిజిటల్ బాట పట్టించడంలో ముందున్న స్వీడన్ 2023లో వెనక్కి తిరిగి అచ్చు పుస్తకాలు కొనడానికి 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించింది.

మన భాషకు వచ్చేసరికి ఇంకో చిక్కుంది. దీని గురించి ఏ సమావేశంలోనూ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఒక తెలుగు మీడియం సైన్సు పుస్తకాన్ని పీడీఎఫ్‌గా ట్యాబ్‌లో తెరిచాను. వెతికే పెట్టెలో “కిరణజన్య” అని కొట్టాను. దొరకలేదంది. ఆ మాట నా కళ్ల ముందే, పేజీ నెత్తిన లావుపాటి అక్షరాల్లో ఉంది. ఆ వాక్యాన్ని నకలు తీసి వేరేచోట అతికిస్తే రోమన్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి వరుస ఒకటి పడింది. కారణం పాత డీటీపీ ఫాంట్లు. అను వంటి ఫాంట్లలో కూర్చిన పేజీలో మన కంటికి “క” కనిపించే చోట కంప్యూటర్‌కు కనిపించేది ఇంకేదో గుర్తు. ప్రతి అక్షరానికీ లోకమంతటికీ ఒకే సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో లేని తెలుగు యంత్రానికి తెలుగే కాదు, అది బొమ్మతో సమానం. అందులో మాట వెతకలేం, అర్థం చూడలేం, చూపు లేని పిల్లలకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అక్కడ మూగబోతుంది. అదే పాఠం యూనికోడ్‌లో ఉంటే చూపు లేని పిల్ల ఎవరి సాయమూ లేకుండా తెలుగులో వినగలదు, మసక చూపున్న పిల్లవాడు అక్షరాన్ని అంగుళం ఎత్తు చేసుకోగలడు. ట్యాబ్ వల్ల కలిగే మేళ్లలో నాకు అనుమానమే లేనిది ఇదొక్కటే. దాన్ని కాస్తా ఫాంటు దగ్గర పోగొట్టుకుంటున్నాం.

కాగితానికి ఉన్న తెలివి ఒకటి ఇక్కడే చెప్పాలి. 2022–23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు ద్విభాషా పుస్తకాలు వేశారు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోయిన పిల్ల తల కొంచెం పక్కకు తిప్పితే చాలు. ట్యాబ్‌లో అదే పని చేయాలంటే ఒక భాషను మూసి ఇంకో భాషను తెరవాలి. ఏడంగుళాల తెర మీద రెండు పేజీలు పక్కపక్కన పట్టవు.

రెండో ఉద్యోగం, వీడియో పాఠం. దీన్ని మనం చూసేశాం. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చినప్పుడు ఇంటింటా పిల్లలు టీవీ ముందు కూర్చున్నారు. ఆ ఆపత్కాలంలో అది గొప్ప ఆసరా. కానీ ఎవరికి అర్థమైందో టీవీకి తెలియదు. ట్యాబ్‌లో అదే వీడియో పెడితే మధ్యలో ఆపుకునే వీలుంటుంది, అంతకుమించి పెద్ద తేడా లేదు. గుండె కవాటాలు, చంద్రకళలు, భూమి వంపు వంటివి సుద్దముక్కతో చూపించడం కష్టమే, ఒప్పుకుంటాను. దానికి గది ముందు ఒక్క పెద్ద తెర చాలు. నలభై గుండెలు నలభై చేతుల్లో విడివిడిగా తిరగాల్సిన పని లేదు.

అసలు విషయమంతా మూడో ఉద్యోగంలో ఉంది.

మలక్‌పేట దగ్గర ఒక బడిలో లెక్కలు చెప్పే స్నేహితురాలి తరగతిలో ఒక పూట కూర్చున్నాను. ఏడో తరగతి, భిన్నాల కూడిక. ట్యాబ్‌లో ప్రశ్న: 1/2 + 1/3 ఎంత? నా పక్కనున్న పిల్ల చకచకా 2/5 అని కొట్టింది. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడేసింది. ఎర్రటి ఇంటూ గుర్తు పడింది, ఒక గంట మోగింది, తర్వాతి ప్రశ్న వచ్చింది: 1/4 + 1/5. జవాబు 2/9. మళ్లీ ఎరుపు. ఆ పిల్ల ఒకే తప్పును ఎంతో శ్రద్ధగా ఎనిమిదిసార్లు చేసింది. అటుగా వచ్చిన టీచరు తెర వంక చూసి, వంగి, ఒక్క మాట అడిగింది: “సగం రొట్టె నీ దగ్గర ఉంది. ఇంకాస్త ఇచ్చాను. ఇప్పుడు సగం కంటే తక్కువెలా అయింది?” 2/5 అంటే సగానికి తక్కువే కదా. ఆ పిల్ల నోరు తెరిచి, మూసి, పెన్సిల్ తీసి నోటుబుక్కులో రొట్టె గీసుకుంది.

మంచి సాఫ్ట్‌వేర్‌కు, నాసిరకానికి తేడా ఇక్కడే తెలుస్తుంది. నాసిరకానిది ఒప్పు, తప్పు అని చెప్పి ఊరుకుంటుంది. మంచిది 2/5 అన్న జవాబును చూడగానే అది ఏ రకం తప్పో గుర్తుపట్టి, సగం కంటే ఎక్కువా తక్కువా అని ఎదురు ప్రశ్న వేస్తుంది, లేదా రెండు తరగతులు కిందికి దింపి రొట్టెల దగ్గర నుంచి మొదలుపెడుతుంది. ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఉంది. దిల్లీలో ప్రభుత్వ బడుల్లో చదివే 619 మంది పిల్లల్లో లాటరీ తీసి, సగం మందికి బడి అయ్యాక మైండ్‌స్పార్క్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ కార్యక్రమంలో ఉచితంగా చేరే వీలు కల్పించారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ 2019లో ఆ ఫలితాలను ప్రచురించారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ లాటరీ తగిలినవారు తగలనివారి కంటే ఎంతో ముందుకెళ్లారు. పెరుగుదల అందరిలోనూ ఇంచుమించు సమానమే, కానీ లాటరీ తగలని వెనకబడిన పిల్లలు దాదాపు ఏమీ ఎదగలేదు కాబట్టి పోలికలో వారికే ఎక్కువ మేలు జరిగింది. ఆరో తరగతి పిల్లవాడు సగటున లెక్కల్లో రెండున్నర తరగతులు వెనక ఉన్నాడని కూడా అక్కడే తేలింది. ఒకే గదిలో మూడో తరగతి స్థాయివారు, ఆరో తరగతి స్థాయివారు కలిసి కూర్చుంటే ఎంత గొప్ప టీచరైనా ఒకే పాఠంతో అందరినీ అందుకోలేరు. యంత్రం అక్కడ అక్కరకొచ్చింది.

ఆ ఫలితాన్ని కరపత్రాల మీద అచ్చువేసే కంపెనీలు మింగేసే సంగతులు మూడున్నాయి. అక్కడ వాడినవి ట్యాబ్‌లు కావు, కంప్యూటర్లు. తొంభై నిమిషాల్లో సగం సేపే యంత్రం, మిగతా సగం చిన్న గుంపును కూర్చోబెట్టుకుని మనిషి చెప్పిన పాఠం. మూడోది, బాగా వెనకబడిన పిల్లలు నిజంగానే నేర్చుకున్నా ఆ పెరుగుదల బడి పరీక్షల్లో కనబడలేదు. ఎందుకంటే నాలుగో తరగతి స్థాయి నుంచి ఐదుకు ఎక్కిన పిల్లవాడికి ఏడో తరగతి ప్రశ్నపత్రంలో పడేది అదే సున్నా. ప్రోగ్రెస్ కార్డు మాత్రమే చూసే తల్లిదండ్రులు ట్యాబ్ వల్ల ఏమీ ఒరగలేదనుకుంటారు. పరీక్షల సంగతి మన దగ్గర ఇంకా వింతగా ఉంటుంది. పదో తరగతి బోర్డు పరీక్ష కాగితం మీద, పెన్నుతో. రెండేళ్లు తిరిగేసరికి రాసే ఈఏపీసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీద. పిల్లవాడికి రెండూ రావాలి.

రాత మాట వచ్చింది కాబట్టి ఒకటి. చేత్తో రాస్తే మెదడులోని భాగాల మధ్య అనుసంధానం టైపింగ్ కంటే విస్తారంగా ఉంటుందని నార్వేలో 36 మంది విద్యార్థుల మీద చేసిన ప్రయోగం 2024లో బాగా ప్రచారమైంది. ట్యాబ్‌లను తిట్టేవారందరూ దాన్నే ఉదహరిస్తారు. అయితే ఆ ప్రయోగంలో విద్యార్థులు చేత్తో రాసింది కాగితం మీద కాదు, డిజిటల్ పెన్నుతో టచ్ తెర మీదే. అంటే లోపం తెరది కాదు, రాత మానేయడానిది. మన పిల్లలు రోమన్ లిపిలో నాలుగక్షరాలు కొట్టి, కింద వచ్చే తెలుగు మాటల్లో ఒకదాన్ని వేలితో ఎంచుకుంటున్నారు. ఒత్తు ఎక్కడ పడుతుందో వాళ్లు తేల్చుకోనక్కర్లేదు, యంత్రమే పెడుతుంది. ట్యాబ్‌తో పాటు పెన్ను ఇస్తారా అని అడిగితే, అది విడిగా కొనుక్కోవాలన్నారు.

ఇక రోజువారీ పని. మలక్‌పేట తరగతిలో గడియారం చూసుకున్నాను. ట్యాబ్‌లు పంచి, తెరిచి, పాస్‌వర్డులు కొట్టి, మరిచిపోయిన ముగ్గురికి కొత్తవి ఇచ్చేసరికి పదకొండు నిమిషాలు గడిచాయి. పీరియడే నలభై నిమిషాలు. ఛార్జింగ్ అనగానే అందరూ కరెంటు బిల్లు గురించి ఆలోచిస్తారు, అది పెద్ద విషయం కాదు. ఒక్కో ట్యాబ్‌కు 15 వాట్లు వేసుకున్నా నలభైకి 600 వాట్లు. ఇస్త్రీ పెట్టె అంతకంటే ఎక్కువ తాగుతుంది. అసలు కొరత ప్లగ్గులది. ఫ్యాను, లైటు పోను గదిలో మిగిలేది ఒకటో రెండో. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సుకు ఇంకో బాక్సు. అన్నీ కలిపి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తారు, దొంగతనం భయం మరి. ఒంటిపూట బడుల రోజుల్లో, మార్చి చివర ఎండకు ఆ బీరువా లోపల బ్యాటరీలు ఉడుకుతాయి. వేడిలో ఛార్జింగ్ లిథియం బ్యాటరీకి కీడు. రెండేళ్లు తిరిగేసరికి పూర్తి ఛార్జి మునుపటంత సేపు నిలవదు.

వైఫై కూడా అంతే. ఇంట్లో వాడే రకం రూటర్ ఒకటి గోడకు కొట్టి నలభై మందిని వదులుతారు. ఆ పరికరాలన్నీ ఒకే గాలిని పంచుకుంటూ వంతులవారీగా మాట్లాడాలి. అందరూ ఒకేసారి వీడియో నొక్కితే రేషన్ షాపు ముందు వరుసే. పాఠాలను ముందుగానే మెమరీ కార్డులోనో బడిలోని చిన్న సర్వర్‌లోనో దాచి, జవాబుల చిట్టాను మాత్రం రాత్రిపూట పంపించుకునే పద్ధతి దీనికి మందు. ట్యాబ్ అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న తెర ఎంత పెద్దదని కాదు, నెట్ లేకుండా ఎంత నడుస్తుందని.

పిల్లలు వేరే సైట్లకు పోకుండా ట్యాబ్‌కు వేసే తాళాల కథకు లాస్ ఏంజెలెస్ పెట్టింది పేరు. 2013లో అక్కడి బడుల యంత్రాంగం పిల్లలందరికీ ఐప్యాడ్‌లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. నెట్ వసతులతో కలిపి అంచనా 130 కోట్ల డాలర్లు. కొన్నాళ్లకే ఒకే హైస్కూల్లో దాదాపు 300 మంది పిల్లలు అడ్డుగోడలను దాటి తమకు నచ్చిన సైట్లకు వెళ్లిపోయారు. చేసిందల్లా ట్యాబ్‌లోని విద్యార్థి ప్రొఫైల్‌ను తీసేయడమే. 2014 ఆగస్టులో ఒప్పందమే ఆగిపోయింది. పాఠాలు పూర్తిగా తయారుకాకముందే పరికరాలు పంచడం అక్కడి అసలు తప్పు.

అలాంటి తొందర మనకూ కొత్త కాదు. 35 డాలర్ల ట్యాబ్ అని లోకమంతా చెప్పుకున్న ఆకాశ్‌ను 2011 అక్టోబరులో దిల్లీలో ఆవిష్కరించారు. ఆ మొదటి విడతను జోడించింది హైదరాబాద్‌లోనే. వేలితో గట్టిగా నొక్కితే గానీ కదలని తెర, నత్తనడక ప్రాసెసర్. ధర ఒక్కటే చూసుకుని మిగతావన్నీ దానికి సర్దితే అలాగే తయారవుతుంది. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి ప్రభుత్వ బడి పిల్లలకు, టీచర్లకు దాదాపు ఐదు లక్షల ట్యాబ్‌లు పంచింది. నెట్ లేకున్నా నడిచేలా బైజూస్ పాఠాలు ముందే నింపి ఇవ్వడం సరైన ఆలోచన. ఆ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సిలబస్ మారితే ఆ పాఠాలను మార్చేది ఎవరు? కొన్న పుస్తకం, అచ్చువేసినవాడు దుకాణం కట్టేసినా అల్మారాలోనే ఉంటుంది. ట్యాబ్ పాఠం అద్దె ఇంటి లాంటిది. పరికరం పగిలితే మాత్రం మనకు దిగులు లేదు. ఫోన్ల మరమ్మతులకు పేరున్న హైదరాబాద్ జగదీశ్ మార్కెట్లో బతికించలేని తెర ఉండదు.

కళ్ల గురించి అడిగిన ఆ అమ్మమ్మకు నవ్వుతో సరిపెట్టారు, అడిగింది మాత్రం సరైన ప్రశ్న. హ్రస్వదృష్టి విషయంలో తేలిన మాట ఏమిటంటే, దగ్గరి వస్తువును ఎక్కువసేపు చూడటం ఎంత చేటో పగటి వెలుగులో తిరగకపోవడం అంత చేటు. రోజుకు రెండు గంటలు ఆరుబయట గడపడం పిల్లల కళ్లకు రక్ష. కరోనా కాలంలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు కూడా ఎనిమిదో తరగతి వరకు 30–45 నిమిషాల తరగతులు రోజుకు రెండు మించవద్దన్నాయి. ఐదంతస్తుల అపార్ట్‌మెంటును బడిగా మార్చి, మైదానం అడిగితే మేడ మీది రేకుల షెడ్డు చూపించే చోట ట్యాబ్ ఇస్తామంటే నేను ముందు అడిగేది ఆటల పీరియడ్ గురించే.

ఇంకొకటి. మా తరం పలక మీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేవాళ్లం, లోకంలో దాని ఆనవాలు మిగిలేది కాదు. ట్యాబ్ ఏదీ తుడవదు. ఆ పిల్ల ఎనిమిదిసార్లు 2/5 రకం తప్పు చేసిన సంగతి ఎక్కడో ఒక సర్వర్‌లో ఉంది. టీచరు చేతికి వస్తే అది వజ్రం లాంటి సమాచారం, బయటివారి చేతికి వెళితే పిల్ల జాతకం. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారందరినీ పిల్లలుగానే లెక్కేసి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది. మాకిచ్చిన దరఖాస్తులో ఆ సమ్మతి ఎక్కడుందా అని వెతికాను. ఫీజు వాయిదాల పట్టిక కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

రెండో సమావేశంలో ఆ కంపెనీ కుర్రవాణ్ణే పట్టుకుని అడిగాను, మా వాడు లెక్క తప్పు చేస్తే ఎవరికి తెలుస్తుందని.

“డాష్‌బోర్డులో అంతా వస్తుంది సార్. ఏ ప్రశ్న, ఎన్నిసార్లు, ఎన్ని సెకన్లు, అన్నీ.”

“దాన్ని ఎవరు చూస్తారు?”

అతను ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ లెక్కల మేడం వైపు చూశారు. ఆవిడ ఒళ్లో నలభై నోటుబుక్కులు, చేతిలో ఎర్ర పెన్ను. దిద్దుతున్న పేజీ నుంచి తలెత్తి, “నాకింకా పాస్‌వర్డ్ ఇవ్వలేదండి” అన్నారు.